ఆగుమన్నచో ఆగవలెనా?

పనిలోనున్న వానిని "ఆగుము" అన్నచో మూడు త్రోవలు కలవు: వెంటనే ఆగుట, విననట్లుండుట, చేతిలోని పనిని సర్దుకొని ఆగుట. కంప్యూటరు ప్రోగ్రాములకును ఈ మూడు త్రోవలే కలవు. వానిలో ఏది పట్టవలెనో నిర్ణయించు హక్కు, ప్రోగ్రామును వ్రాసినవాని నుండి నడపువానికి ఎట్లు సంక్రమించినదో మేము ఇచట చెప్పదలచితిమి.

అమెరికాలోని బెల్ లాబొరేటరీలలో కెన్ థాంప్సన్, డెనిస్ రిచీలు రూపొందించిన యునిక్స్‌లో ఆజ్ఞను టైపు చేసి ప్రోగ్రామును నడపుదురు. నడచుచున్న ప్రోగ్రామునకు బయటినుండి అందు హెచ్చరికకు సిగ్నల్ అని పేరు. 1971 నాటి తొలి కరదీపికలోనే, ఆపుమని మీట నొక్కినపుడు పైమూడింటిలో దేనినైనను ఎన్నుకొను వీలు కానవచ్చును. కాని ఆ ఎన్నిక ప్రోగ్రామును వ్రాసినవానిది.

ఆ దినములలో దూరపు టెర్మినళ్లు టెలిఫోను తీగల ద్వారా కంప్యూటరును చేరుచుండెడివి. ఫోను పెట్టివేసినచో "హ్యాంగప్" సిగ్నల్ వెడలి, గంటలకొలది సాగవలసిన లెక్క నడుమనే నిలిచిపోయెడిది. దీనికి విరుగుడుగా "నోహప్" అను చిన్న ఆజ్ఞ వచ్చినది. అది హ్యాంగప్‌ను లక్ష్యపెట్టవద్దని ముందుగా నియమించి, పిదప అసలు ప్రోగ్రామును ఆరంభించును. ఆ నియమము ప్రోగ్రామునకు వారసత్వముగా వచ్చును. ప్రోగ్రాములో ఒక్క అక్షరమైనను మార్చ నక్కరలేదు. 1979లో యునిక్స్ ఏడవ కూర్పుతో వెలువడిన స్టీఫెన్ బోర్న్ షెల్ మరొక అడుగు వేసినది. అందలి "ట్రాప్" అను ఆజ్ఞతో, ఆజ్ఞల వరుసను వ్రాసుకొన్నవాడు ఏ సిగ్నల్‌కు ఏమి చేయవలెనో తానే చెప్పవచ్చును; తాత్కాలిక ఫైళ్లను తుడిచి మరీ ఆగుమనవచ్చును.

అయినను ఈ హక్కు చెల్లుటకు ప్రోగ్రాము మర్యాద పాటింపవలెను. లక్ష్యపెట్టవద్దని ముందే చెప్పియున్న సిగ్నల్‌ను అది తిరిగి తన వశము చేసికొనరాదు. ఈ మర్యాద తప్పినచో, ఎదుటి పనిని ఆపుటకు నొక్కిన మీట తెరవెనుక సాగుచున్న పనిని కూడ చెరచును.

మరి ప్రోగ్రాము ఏ మాటయు విననన్నచో? అందులకే "కిల్" అను సిగ్నల్‌ను విడిగా ఉంచిరి. దానిని ఏ ప్రోగ్రామును పట్టజాలదు, త్రోసిపుచ్చజాలదు. ఆ ఒక్క తలుపు తెరచియుండుటచేతనే తక్కిన సిగ్నళ్ల విషయమున అంత స్వేచ్ఛ నొసగుట సాధ్యమైనదని మా తలంపు.