గ్రేట్ నికోబార్‌లో మాజీ సైనికుల రెండో సర్వీసు

నేను ఇంటర్మీడియట్ వరకే చదువుకున్నవాడిని, రచయితను కాను. ఈ సంచికకు ఏదైనా రాయమని సంఘం మిత్రులు అడిగారు. అందుకని నేను కళ్ళారా చూసి వచ్చిన ఒక చోటి చరిత్ర రాస్తున్నాను.

2018లో సుబేదారుగా రిటైరై పోర్ట్ బ్లెయిర్‌లోనే ఉండిపోయాను. 2024లో ఆ ఊరికి శ్రీ విజయపురం అని పేరు మారింది. మొదటి ఆరు నెలలు హాయిగానే గడిచాయి. తర్వాత మొదలైంది అసలు బాధ. తెల్లవారుజామున నాలుగున్నరకే మెలకువ వచ్చేది, చేయడానికి పని ఉండేది కాదు. కూరగాయల సంచీ నుండి మా అబ్బాయి బూట్ల దాకా అన్నీ ఇన్‌స్పెక్షన్ చేసేవాణ్ణి. ఒకరోజు మా ఆవిడ "ఇది బ్యారక్ కాదండీ, ఇల్లు. బయట ఏదైనా పని చూసుకోండి" అంది. కోపం వచ్చింది గానీ జవాబు తోచలేదు.

2023 నవంబరులో, పెద్దవయసు పెన్షనర్లకు లైఫ్ సర్టిఫికెట్ల పనిలో సాయపడటానికి క్యాంప్‌బెల్ బే వెళ్ళాను. గ్రేట్ నికోబార్ దీవికి అదే ముఖ్య కేంద్రం. పోర్ట్ బ్లెయిర్ నుండి ఐదు వందల కిలోమీటర్లకు పైగా సముద్ర ప్రయాణం. దీవి కొసన ఉన్న ఇందిరా పాయింట్ మన దేశానికి దక్షిణపు చివర. అక్కడి నుండి ఇండోనేషియా సుమత్రా దీవి చాలా దగ్గర. 1965 యుద్ధంలో ఇండోనేషియా పాకిస్తాన్ పక్షం వహించిన సంగతి పాతవారికి గుర్తుండే ఉంటుంది. అంత కీలకమైన చోట మనవాళ్ళు స్థిరంగా ఉండాలని ప్రభుత్వం మాజీ సైనికులను ఎంచుకుంది. 1969 నుండి 1980 వరకు పంజాబ్, మహారాష్ట్ర, కేరళ, తమిళనాడు, ఆంధ్రప్రదేశ్ మొదలైన రాష్ట్రాల నుండి సుమారు 330 కుటుంబాలను తెచ్చారు. ఒక్కో కుటుంబానికి పది ఎకరాలకు పైగా భూమి ఇచ్చారు. అలా గోవింద్ నగర్, జోగిందర్ నగర్, విజయ్ నగర్, లక్ష్మీ నగర్, గాంధీ నగర్, శాస్త్రి నగర్ వెలిశాయి.

భూమి అంటే దున్నిన పొలం కాదు, చిక్కటి అడవి. అయితే అది ఎవరికీ చెందని అడవి కూడా కాదు. షోంపెన్‌లు, నికోబారీలు తరతరాలుగా బతికిన నేల. మనవాళ్ళ రాకతో వాళ్ళకు కొంత తగ్గింది. ఈ మాటా రాయకపోతే చరిత్ర అనిపించుకోదు.

అక్కడ ఒక తెలుగు నాయక్ గారిని కలిశాను. ఊరు శ్రీకాకుళం వైపు, వయసు ఎనభైకి దగ్గర. 1965, 1971 రెండు యుద్ధాలూ చూశారు. పదిహేనేళ్ళ సర్వీసుతో 1977లో ఇంటికి వచ్చేశారు. అప్పటికి ఆయన వయసు ముప్పైమూడు! మన జవాన్ల రిటైర్‌మెంట్ అంటే ఇదే కదా. సగం జీవితం ముందే ఉంటుంది, చేతికి కాస్త పెన్షన్ వస్తుంది. మరుసటి సంవత్సరమే భార్యను, ఇద్దరు పిల్లలను తీసుకుని ఓడెక్కారట.

నన్ను చూడగానే లేచి "సాబ్" అన్నారు. "మీరు నాకంటే పెద్దవారు, అలా అనకండి బాబాయ్" అన్నాను.

"వచ్చిన కొత్తలో జలగలు, దోమలు, ఏడాదిలో సగం వాన. మా ఆడోళ్ళు రోజూ ఏడ్సీవోరు. కొబ్బరేశాం, పోకేశాం. కాపొచ్చేసరికి కోతులొచ్చాయి బాబూ" అని నవ్వారు.

నిలదొక్కుకోలేక మెయిన్‌ల్యాండుకు వెళ్ళిపోయినవాళ్ళూ ఉన్నారట.

2004 డిసెంబరు 26, ఆదివారం పొద్దున సునామీ వచ్చింది. భూకంపానికి ఇందిరా పాయింట్ దగ్గర నేల నాలుగు మీటర్లకు పైగా కుంగింది. లైట్‌హౌస్ పునాది నీటిలోకి పోయింది. తీరం వెంబడి ఊళ్ళు, తోటలు, రోడ్డు కొట్టుకుపోయాయి. మిగిలినవారిని క్యాంప్‌బెల్ బే దగ్గర రేకుల షెడ్లలో ఉంచారు. పక్కా ఇళ్ళు తర్వాతెప్పుడో వచ్చాయి.

షెడ్డులో ఆయనకు అన్నిటికంటే కష్టమైంది వేడి కాదట, పని లేకపోవడమట. "రేసను ఇచ్చీవోరు. తినీసి కూకోడమే. నాతో వొచ్చినోళ్ళు కొందరు ఆ కూకోడంలోనే పోయారు బాబూ." ఆయన పొలంలో మెరక మీద రెండెకరాలు మిగిలింది. అరవై ఏళ్ళ వయసులో, రోజూ నడిచి వెళ్ళి, మళ్ళీ కొబ్బరి మొక్కలు నాటారు. ఆ రాత్రి నాకు సరిగ్గా నిద్రపట్టలేదు. కొబ్బరి కాపుకు ఎన్నేళ్ళు పడుతుందో మనకు తెలుసు.

ఇప్పుడు అక్కడ నేవీ వారి ఐఎన్ఎస్ బాజ్ ఉంది, 2012 జూలై 31న ప్రారంభమైంది. పెద్ద ఓడరేవు, విమానాశ్రయం, టౌన్‌షిప్ ప్రాజెక్టుకు 2022లో పర్యావరణ అనుమతి వచ్చింది. దానికి ఈ మాజీ సైనికుల భూములు కూడా కొన్ని కావాలి. "మూడోసారి కూడా మొక్కలెయ్యాలేటో" అన్నారాయన. ఆ ప్రశ్నకు నా దగ్గర జవాబు లేదు.

ఇక నేను వెళ్ళిన పని. వేలిముద్ర మిషన్ మీద ఆయన బొటనవేలు పెట్టించాను. తీసుకోలేదు. చూపుడువేలు పెట్టించాను, అదీ లేదు. పది వేళ్ళూ అయ్యాయి. నలభై అయిదేళ్ళు కత్తి పట్టి, కొబ్బరి ఒలిచి గీతలన్నీ అరిగిపోయాయి. చివరకు ఫోనులో ముఖం ఫోటోతో పని పూర్తి చేశాను. ఆయన తలకు గుడ్డ చుట్టుకుని అటెన్షన్‌లో నిలబడ్డారు.

అప్పటి నుండి ప్రతి నవంబరులో నేను క్యాంప్‌బెల్ బే ఓడ ఎక్కుతున్నాను. టికెట్టు ముందే తీసిపెట్టేది మా ఆవిడే.