ఐఫోన్‌లో సూర్యోదయం, ఐప్యాడ్‌లో వసంతం: డేవిడ్ హాక్నీ కథ



ముందు ఒక చిన్న ప్రశ్న. మీ ఫోన్ గ్యాలరీలో వాన, మబ్బులు, సూర్యోదయం ఫొటోలు ఎన్ని ఉన్నాయి? నా ఫోన్‌లో అయితే బోలెడు. తీసినప్పుడు "అబ్బా, ఎంత బాగుంది" అనుకోవడమే, మళ్ళీ వాటి మొహం చూసింది లేదు. ఈరోజు మనం చెప్పుకునే ఆయన దీనికి సరిగ్గా రివర్స్. డెబ్బై దాటాక ఐఫోన్ చేతికొస్తే, మంచం మీద నుంచే కిటికీలోకి చూస్తూ, తెల్లవారడాన్ని వేలితో స్క్రీన్ మీద గీశాడు. ఆయన పేరు డేవిడ్ హాక్నీ.

ఎవరీయన? 1937లో ఇంగ్లండ్‌లో, యార్క్‌షైర్ ప్రాంతంలోని బ్రాడ్‌ఫర్డ్‌లో పుట్టాడు. 1964లో లాస్ ఏంజెలెస్ వెళ్ళాడు. అక్కడి ఎండ, నీలం స్విమ్మింగ్ పూల్స్, వాటి బొమ్మలతోనే ప్రపంచమంతా పేరొచ్చింది. 2018లో ఆయన పూల్ పెయింటింగ్ ఒకటి వేలంలో 9 కోట్ల డాలర్లు దాటింది. బతికున్న ఆర్టిస్టుల్లో అప్పటికి అదే రికార్డు. కానీ మన కథ పూల్స్ గురించి కాదు. ఒక మామూలు పల్లెటూరి రోడ్డు గురించి.

అది 1997. ఆయన స్నేహితుడు జోనథన్ సిల్వర్‌కి క్యాన్సర్. హాక్నీ అమెరికా నుంచి వచ్చి, సముద్రం పక్కన బ్రిడ్లింగ్టన్ అనే ఊళ్ళో, అమ్మ ఉన్న ఇంట్లో ఉన్నాడు. అక్కడి నుంచి స్నేహితుడిని చూడ్డానికి వెదర్బీ దాకా కారులో వెళ్ళొచ్చేవాడు. దారంతా వోల్డ్స్ అనే చిన్న చిన్న కొండలు, చేలు. కుర్రాడిగా ఉన్నప్పుడు ఎండాకాలం సెలవుల్లో ఆ చేలల్లోనే పని చేశాడు కూడా. వెళ్ళేటప్పుడు, వచ్చేటప్పుడు, పంట పండి కోతకి వస్తుండటం కళ్ళ ముందు కనపడుతోంది. "మన యార్క్‌షైర్‌ని వెయ్యి" అని సిల్వర్ ఎప్పటి నుంచో అడుగుతున్నాడు. అప్పుడు మొదలుపెట్టాడు. ఆ సెప్టెంబర్‌లో సిల్వర్ చనిపోయాడు. అంటే ఈ ప్రకృతి బొమ్మలన్నీ ఒక మనిషి వెళ్ళిపోతున్నప్పుడు పుట్టాయి. ఇది గుర్తుపెట్టుకోండి, చివర్లో మళ్ళీ వస్తాం.

తర్వాత 2000ల మధ్యలో ఆయన బ్రిడ్లింగ్టన్‌కి మకాం మార్చేశాడు. ఊరి బయట వోల్డ్‌గేట్ అనే పాత రోమన్ల కాలం నాటి రోడ్డు ఉంది. అటూ ఇటూ చెట్లు, అంతే. అదే రోడ్డుని వానలో, మంచులో, చిగురులో వేస్తూనే ఉన్నాడు.

2007లో వేసిన ఒక బొమ్మ సంగతి చూడండి. వార్టర్ అనే ఊరి దగ్గర చెట్లు. మొత్తం 50 కాన్వాసులు, కలిపితే వెడల్పు దాదాపు 12 మీటర్లు. ఇక్కడ డెడ్‌లైన్ పెట్టింది మేనేజర్ కాదు, చెట్టు! ఆకులొచ్చేస్తే కొమ్మల ఆకారం కనపడదు, ఆ లోపే అయిపోవాలి. అంత పెద్దది ఒకేసారి పరిచి చూసే చోటు లేదు కాబట్టి, ఒక్కో ముక్కనీ ఫొటో తీసి, కంప్యూటర్‌లో కలిపి చూసుకుంటూ పూర్తి చేశాడు. తర్వాత దాన్ని టేట్ మ్యూజియంకి ఉచితంగా ఇచ్చేశాడు.

ఇక టెక్నాలజీ పాయింట్. ఐప్యాడ్‌లో వేస్తే అది పెయింటింగేనా అని చాలామంది దెప్పారు. కొంచెం వెనక్కి వెళ్దాం. 1841లో జాన్ గాఫ్ రాండ్ అనే ఆయన రంగుల ట్యూబ్‌కి పేటెంట్ తీసుకున్నాడు. అంతకుముందు నూనె రంగుల్ని ఎక్కువగా పంది మూత్రాశయంతో చేసిన సంచుల్లో దాచుకునేవాళ్ళు. అవి చిరిగేవి, రంగు ఎండిపోయేది. ట్యూబ్ వచ్చాకే మోనే లాంటి వాళ్ళకి ఆరుబయట కూర్చుని వెయ్యడం తేలికైంది. హాక్నీ చేతిలో ఐఫోన్ కూడా అలాంటిదే. సూర్యోదయం వెయ్యాలంటే చీకట్లో మొదలుపెట్టాలి. చీకట్లో ఏ రంగు కలుపుతున్నామో కనపడదు, లైట్ వేస్తే బయట వెలుగు మాయం. స్క్రీన్‌కి తన వెలుగు తనకే ఉంది. రంగు ఆరే దాకా ఆగక్కర్లేదు.

2011లో ఐప్యాడ్‌తో వోల్డ్‌గేట్ మీద వసంతం రావడాన్ని రికార్డు చేశాడు. 51 ఐప్యాడ్ బొమ్మలు, తోడుగా 32 కాన్వాసుల పెద్ద పెయింటింగ్ ఒకటి. ఐప్యాడ్ బొమ్మలకి పేర్లు తేదీలే. నాలాంటి కోడ్ రాసేవాళ్ళకి అది చూడగానే కమిట్ హిస్టరీ గుర్తొస్తుంది. నిన్నటికీ ఇవాళ్టికీ ఏం మారింది? ఒక కొమ్మ మీద పచ్చ. అంతే తేడా. నిజానికి ఇది కొత్త కాదు. 1820ల్లోనే కాన్‌స్టబుల్ అనే ఇంగ్లిష్ పెయింటర్ మబ్బుల బొమ్మలు వేసి, వెనకాల తేదీ, టైము, గాలి ఎటు వీస్తోందో కూడా రాసుకునేవాడు.

నా అభిప్రాయం చెప్పాలంటే, ఆ ఐప్యాడ్ బొమ్మల్లో కొన్ని పెద్దగా ప్రింట్ చేస్తే చప్పగా ఉంటాయి. పచ్చ రంగు మరీ మెరుస్తుంది. విమర్శించిన వాళ్ళది పూర్తిగా తప్పని నేననను. కానీ ఆ తర్వాత జరిగింది వినండి.

ఆ రోడ్డు పక్కనే ఒక ఎండిన చెట్టు మొదలు ఉండేది. హాక్నీ దానికి టోటెమ్ అని పేరు పెట్టి ఎన్నోసార్లు వేశాడు. 2012 నవంబర్‌లో ఎవరో దాని మీద గులాబీ రంగు పూసి, రంపంతో కోసి పడేశారు. దానికి కొంచెం ముందే ఆయనకి చిన్న స్ట్రోక్ వచ్చింది. మరుసటి ఏడాది మళ్ళీ అదే రోడ్డు మీదకి వెళ్ళాడు. ఈసారి రంగు లేదు, బొగ్గు మాత్రమే. ఐదు చోట్లు ఎంచుకుని, ఒక్కో చోటుకీ ఐదేసి సార్లు, శీతాకాలం నుంచి వసంతం దాకా 25 బొమ్మలు. రంగు లేకుండా కూడా వసంతం వచ్చింది.

2020 గుర్తుందా? మార్చి 25న ఉగాది. అదే రోజు నుంచి దేశమంతా లాక్‌డౌన్. మనం ఇంట్లో కూర్చుని ఉగాది పచ్చడి తిన్నాం, వేపపూత మాత్రం ఎప్పట్లాగే పూసింది. ఆ నెలలోనే ఫ్రాన్స్‌లోని నార్మండీలో ఉన్న హాక్నీ, ఐప్యాడ్‌లో వేసిన పసుపు డాఫొడిల్ పూల బొమ్మని బయటపెట్టాడు. వసంతాన్ని ఎవరూ రద్దు చెయ్యలేరు అనే అర్థంతో దానికి పేరు పెట్టాడు. ఆ వసంతంలోనే 116 బొమ్మలు అయ్యాయి. ఆ ఏడాది ఋతువుల్ని కలిపి దాదాపు 90 మీటర్ల పొడవు బొమ్మ చేస్తే, పారిస్‌లో మోనే కలువల బొమ్మలుండే ఒరాంజెరీ మ్యూజియంలోనే దాన్ని ప్రదర్శించారు.

ఇప్పుడు సిల్వర్ దగ్గరికి వద్దాం. స్నేహితుడు పోయాడు, టోటెమ్ పోయింది. ఆ చెట్టు మొదలు ఎలా ఉండేదో ఇవాళ మనకి తెలుస్తోందంటే, ఒకాయన అక్కడ ఆగి మళ్ళీ మళ్ళీ చూశాడు కాబట్టి. నేను జాబ్ చేసిన రోజుల్లో ఏసీ అద్దాల వెనక ఉండి, పార్కింగ్‌లో తడిసిన బైక్ సీటు చూస్తే గానీ వాన పడిందని తెలిసేది కాదు. అలా ఎన్ని వానాకాలాలు పోయాయో నా దగ్గర లెక్క లేదు.

అందుకే ఈసారి చిన్న టాస్క్. మీ వీధిలో ఒక చెట్టుని ఎంచుకోండి. వేపో, కానుగో, ఏదైనా సరే. అదే చోట నిలబడి, నెలకొకసారి, ఐదు నెలలు, ఫోన్‌లో వేలితో గియ్యండి. బాగా రాకపోయినా పర్లేదు, కింద తేదీ మాత్రం వెయ్యండి. ఏ చెట్టు ఎంచుకున్నారో కామెంట్‌లో చెప్పండి. నాది మా గేటు ముందున్న కానుగ.

మళ్ళీ ఎపిసోడ్‌లో కలుద్దాం. ఉంటాను.