తుఫాను నష్టం - హస్తకళాకారులకు సహాయం: రఘురాజ్‌పూర్ అనుభవం

2019 మే 3వ తేదీన ఫణి తుఫాను ఒడిశాలోని పూరీ వద్ద తీరం దాటినది. పూరీకి సమీపమున భార్గవీ నదీతీరంలోని రఘురాజ్‌పూర్‌లో చెట్లు కూలినవి, ఇండ్ల పైకప్పులు లేచిపోయినవి. పట్టచిత్ర కళకు పేరొందిన ఈ గ్రామంలో ఇల్లే చిత్రశాల, ఇల్లే దుకాణం. అందుచేత అమ్మకానికి ఉంచిన పటములు, తాటాకు చిత్రములు సైతం తడిసి పాడైనవి.

పట్టచిత్రానికి గుడ్డను చింతగింజల జిగురుతో పొరలుగా అతికి, సుద్దపొడి పూసి, రాతితో నునుపు చేయుదురు. తెలుపును శంఖం నుండి, ఎరుపును ఇంగిలీకం నుండి తీయుదురు. పెద్ద పటమునకు నెలలు పట్టును.

2015-20 కాలానికి వర్తించిన విపత్తు స్పందన నిధి నిబంధనలలో చేనేత, హస్తకళల పనివారికి ప్రత్యేక పద్దు ఉండెను. దెబ్బతిన్న పనిముట్లకు ఒక్కొక్కరికి రూ.4,100, ముడిసరుకు, తయారీలో ఉన్న లేదా తయారైన సరుకు నష్టానికి మరో రూ.4,100. తదుపరి కాలానికి ఈ మొత్తములు సవరించబడినవి. నెలల శ్రమకు ఇది స్వల్పమే. అదియు నిర్దేశిత అధికారి నష్టాన్ని ధ్రువీకరించిన మీదటనే లభించును. తడిసిన పటమును పారవేసిన పిదప ధ్రువీకరణ కష్టం. కావున కూలిన ఇండ్ల లెక్కతో పాటే కళావస్తువుల లెక్కను కూడ అదే రోజున వ్రాసుకొనుట అవసరం.

ఒడిస్సీ గురువు కేలూచరణ్ మహాపాత్ర జన్మించినది ఈ గ్రామంలోనే. గోటిపువా నృత్యానికీ ఇది నిలయం. అయితే నర్తకుల ఆహార్యమునకు, వాద్యములకు పై పద్దులో ప్రస్తావన లేదు.