సర్కారు కంచ, సర్కారు అడవి: హైదరాబాదు శివార్లలో చెట్ల నరికివేత వివాద చరిత్ర

హైదరాబాదు ఉత్తర శివార్లలోని కుత్బుల్లాపూర్, మేడ్చల్, శామీర్‌పేట ప్రాంతాలలో ప్రభుత్వ భూమిపై పెరిగిన చెట్టు భవితవ్యం, దాని జాతినీ వయసునూ బట్టి కంటే ఎక్కువగా, అది నిలిచిన నేల ఏ శాఖ దస్తరంలో ఏ పేరుతో నమోదైందన్న దానిని బట్టే తేలుతూ వచ్చింది. దూలపల్లి వంటి చోట్ల అటవీశాఖ రికార్డులో రిజర్వుగా నమోదైన నేల చుట్టూ కాలనీలు కమ్ముకున్నా అడవిగానే నిలవగా, దాదాపు అదే మట్టి, అదే మోదుగ, చండ్ర, సీతాఫలం, తంగేడు పొదలు ఉండి రెవెన్యూ పహాణీలో కంచగానో పోరంబోకుగానో చేరిన నేల కాలక్రమంలో కార్ఖానాలకూ లేఅవుట్లకూ విద్యాసంస్థలకూ పంపకమైంది. ప్రభుత్వ అడవిలో చెట్లు నరకవచ్చునా, నరికితే ఎవరి అనుమతితో, ఎవరి లాభానికి అన్న వివాదం తెలుగు నేలపై తరచు ఈ రెండు దస్తరాల మధ్య తగవుగానే నడిచింది.

ఈ తగవు మూలాలు నిజాం పాలనలో ఉన్నాయి. నగరాన్ని చుట్టుకొని ఉన్న అత్రాఫ్-ఎ-బల్దా జిల్లాలో అధిక భాగం సర్ఫ్-ఎ-ఖాస్, అంటే దివానీ ఖజానాతో నిమిత్తం లేకుండా నిజాం సొంత ఖర్చులకు ఆదాయమిచ్చే భూమి. దాని పక్కనే పాయిగా ప్రభువుల ఎస్టేట్లు, జాగీర్లు, మక్తాలు కలగలిసి ఉండేవి. పశువులకూ సైన్యపు గుర్రాలకూ మేతకోసం సాగు చేయకుండా విడిచిపెట్టిన బీడును కంచ అనేవారు. రాజ్యంలోని అడవులను రిజర్వు, రక్షిత, బహిరంగ అని మూడు తరగతులు చేసినప్పుడు మొదటి తరగతిపై అటవీశాఖకు పూర్తి అధికారం దక్కగా, తక్కిన వాటిలో రెవెన్యూ అధికారుల చేయి కూడా ఉండేది. నగర శివార్లలోని కంచలు ఈ తరగతుల అంచున, కొన్నిసార్లు వాటి బయటే ఉండిపోయాయి. గడ్డికోసం కాపాడిన నేలలో చెట్టు దానంతటదే పెరగగలదన్న ఆలోచన ఆనాటి దస్తరం రాసినవారికి ఉన్నట్టు కనిపించదు.

బ్రిటిషు ఇండియాలో 1864లో డీట్రిష్ బ్రాండిస్ నాయకత్వంలో అటవీశాఖ ఏర్పడడానికీ, 1865, 1878 చట్టాలు రావడానికీ రైలు పట్టాల కింద వేసే చెక్క స్లీపర్ల అవసరం ప్రధాన కారణం. హైదరాబాదు రాజ్యమూ అదే దారి పట్టింది. మేడ్చల్ మీదుగా మన్మాడుకు వెళ్లే గోదావరి లోయ రైలు మార్గం పందొమ్మిదో శతాబ్దం ముగిసే వేళకు సిద్ధమైంది. అయితే శివారు అడవులలో స్లీపర్లకు పనికివచ్చే మేలైన టేకు తక్కువ కనుక ఇక్కడి చెట్టు ఎక్కువగా నగరపు పొయ్యిలోకే చేరింది. అడవిని కూపులుగా, అంటే ఏటా ఒకటి చొప్పున నరికే ముక్కలుగా విభజించి, ఒక్కొక్క కూపును కాంట్రాక్టరుకు వేలం వేసేవారు. నేలమట్టానికి నరికిన మోడు నుంచి పిలకలు లేచి, కొన్ని దశాబ్దాల తర్వాత మళ్లీ కోతకు వస్తాయన్నది ఆ పద్ధతి వెనకున్న లెక్క. వర్కింగ్ ప్లాన్ అనే పదేళ్ల ప్రణాళిక పుస్తకంలో ఈ లెక్క దోషం లేనిదే. అయితే పిలకలను మేకలు మేయకుండా, కట్టెల మోపులవారు ముందే నరకకుండా ఉంటేనే అది నిజమవుతుంది. నగరానికి ఇంత దగ్గరలో అది సాధ్యం కాలేదు, అడవి పొదగా కుదించుకుపోయింది.

1949లో సర్ఫ్-ఎ-ఖాస్ ప్రభుత్వంలో విలీనమై, అదే ఏడాది జాగీర్లు రద్దు కావడంతో విస్తారమైన భూమి ఒక్కసారిగా సర్కారు చేతికి వచ్చింది, కానీ ఒకే శాఖ చేతికి రాలేదు. అప్పటికి అమలులో ఉన్నది 1355 ఫసలీ (ఫసలీ సంవత్సరానికి 590 కలిపితే క్రీస్తుశకం వస్తుంది, అంటే 1945) నాటి హైదరాబాదు అటవీ చట్టం. దాని స్థానంలో వచ్చిన 1967 ఆంధ్రప్రదేశ్ అటవీ చట్టం ప్రకారం ఒక నేలను రిజర్వు అడవి చేయదలచినట్టు ముందు 4వ సెక్షన్ కింద ప్రకటించి, సెటిల్‌మెంట్ అధికారి ఎదుట ప్రజల హక్కులు విచారించి, ఆపైన 15వ సెక్షన్ కింద తుది ప్రకటన చేయాలి. ఈ రెండు ప్రకటనల మధ్య దశాబ్దాలు గడిచిన బ్లాకులు రాష్ట్రంలో అనేకం, భూ కబ్జాలకు పనికివచ్చినదీ ఆ జాప్యమే.

ఇంతలో ప్రభుత్వమే పెద్ద నరికివేతదారు అయింది. 1975లో ఏర్పడిన ఆంధ్రప్రదేశ్ అటవీ అభివృద్ధి సంస్థ సహజమైన అడవిని మొత్తంగా కొట్టివేసి, ఆ చోట కాగితం మిల్లులకు పనికివచ్చే జామాయిలు, వెదురు తోటలు వేసే విధానాన్ని చేపట్టింది. కాకతాళీయంగా అదే 1975లో అమెరికాలో మొనోంగహేలా జాతీయ అడవిలో ఇలాంటి మొత్తం నరికివేత చట్టవిరుద్ధమని అప్పీలు కోర్టు తేల్చగా, మరుసటి ఏడాది అక్కడి కాంగ్రెసు కొత్త చట్టమే చేయవలసి వచ్చింది. భారతదేశంలో ఆ మలుపు 1988 జాతీయ అటవీ విధానంతో వచ్చింది: పర్యావరణ సమతుల్యమే అడవికి మొదటి ప్రయోజనమనీ, పరిశ్రమలు తమ ముడిసరుకును రైతుల పొలాల నుంచి సమకూర్చుకోవాలనీ అది చెప్పింది. భద్రాచలం కాగితం మిల్లు రైతులకు జామాయిలు క్లోన్ మొక్కలు ఇవ్వడం మొదలుపెట్టిందీ ఆ కాలంలోనే.

1976లో 42వ రాజ్యాంగ సవరణ అడవులను ఉమ్మడి జాబితాలో చేర్చింది. 1980 అటవీ సంరక్షణ చట్టం కేంద్రం అనుమతి లేకుండా అటవీ భూమిని ఇతర అవసరాలకు మళ్లించరాదంది. అయినా అడవి అంటే ఏమిటన్న ప్రశ్న మిగిలింది. 1996 డిసెంబరు 12న గోదావర్మన్ తిరుముల్పాద్ కేసులో సుప్రీంకోర్టు, యాజమాన్యంతోనూ వర్గీకరణతోనూ నిమిత్తం లేకుండా నిఘంటువు అర్థంలో అడవి అయినదంతా ఆ చట్టం కిందికి వస్తుందని చెప్పడంతో, నిజాం కాలపు కంచలకు తొలిసారి అడవి హోదా దక్కే అవకాశం కలిగింది. 2023 సవరణ చట్టం పరిధిని మళ్లీ ప్రకటిత అడవులకూ, 1980 తర్వాతి రికార్డుల్లో అడవిగా నమోదైన భూములకూ కుదించగా, 2024 ఫిబ్రవరిలో సుప్రీంకోర్టు తన మధ్యంతర ఉత్తర్వుతో పాత అర్థాన్నే కొనసాగించింది.

ఈ చట్టాలన్నీ ఒక్క చోట ఢీకొన్నది శివార్లకు మరోవైపున, 1974లో స్థాపితమైన హైదరాబాదు విశ్వవిద్యాలయం పక్కనున్న కంచ గచ్చిబౌలిలో. అక్కడి 400 ఎకరాలు రికార్డులో కంచ అస్తబల్ పోరంబోకు, అంటే గుర్రపుసాలల మేతకు విడిచిన సర్కారు నేల. ఆ భూమిని ఒక క్రీడా సంస్థకు కేటాయించి, 2006లో రద్దు చేసుకొని, 2024లో కోర్టులో గెలిచిన ప్రభుత్వం 2025 మార్చి చివర బుల్‌డోజర్లను దించింది. రికార్డులో ఇది అడవి కాదనీ, మినహాయింపు ఉన్న జాతుల చెట్లను స్వీయ ధ్రువీకరణతో నరికామనీ ప్రభుత్వం వాదించింది. నెమళ్లు, జింకలు తిరిగే చోటు అడవి కాక మరేమిటని విద్యార్థులు నిలదీశారు. ఏప్రిల్ 3న సుప్రీంకోర్టు పనులు ఆపించి, ఆ తర్వాత సుమారు 100 ఎకరాల పునరుద్ధరణ మాట చెప్పమని రాష్ట్రాన్ని అడిగింది. మేత ఆగిపోయి అడవి పుట్టిన నేలను అడవి కాదనడానికి గుర్రపుసాల దస్తరాన్ని ఆశ్రయించడం బలహీనమైన వాదన.

రిజర్వు ముద్ర పడితే చాలుననుకోవడానికీ వీలులేదు. భూపాలపల్లి ప్రాంతంలోని కొంపల్లిలో (కుత్బుల్లాపూర్ పక్కనున్న కొంపల్లి వేరు) 106 ఎకరాల అడవి భూమి తమదన్న ప్రైవేటు పక్షంతో అటవీశాఖ 1980ల నుంచి పోరాడుతుండగా, జిల్లా కలెక్టరు తరఫు అఫిడవిట్ ఆ ప్రైవేటు పక్షానికే అనుకూలంగా దాఖలైంది. 2024 ఏప్రిల్‌లో సుప్రీంకోర్టు ఆ భూమి అడవేనని తేల్చి, రాష్ట్రంతో సహా ఇరుపక్షాలకూ ఖర్చులు విధించి, అలాంటి అఫిడవిట్లు వేసిన అధికారులపై విచారణ జరిపి సొమ్ము వారినుంచే రాబట్టుకోవచ్చని ప్రభుత్వానికి చెప్పింది.