కుందేలు చెప్పిన కొలత

1921 ఆగస్టు. టొరంటో విశ్వవిద్యాలయం వైద్య భవనంలో పై అంతస్తు ఉడికిపోతోంది. కుక్కల వాసన, ఈథర్ వాసన కలిసి కొడుతున్నాయి. ఫ్రెడరిక్ బాంటింగ్‌కి ముప్పై ఏళ్లు నిండలేదు. ప్రాక్టీసు సాగని సర్జన్. పక్కన చార్లెస్ బెస్ట్, ఇరవై రెండేళ్ల విద్యార్థి. ఈ గది ఇచ్చిన ప్రొఫెసర్ మెక్లియాడ్ వేసవికి స్కాట్లాండ్ వెళ్లిపోయాడు.

రెండు కుక్కలకు క్లోమం తీసేశారు. అంటే చేజేతులా షుగర్ వ్యాధి తెప్పించారన్నమాట. ఒకదానికి మందు ఇవ్వలేదు, కొద్ది రోజుల్లోనే పోయింది. రెండోది పసుపురంగు కోలీ. రికార్డులో దాని పేరు 92. వేరే కుక్కల క్లోమం నుంచి తీసిన రసం సూదితో ఎక్కిస్తుంటే అది లేచింది, గదిలో బాంటింగ్ వెనకాలే తిరిగింది. రసం చాలినన్నాళ్లే ఆ తిరుగుడు. ఆగస్టు నెలాఖరుకి 92 చనిపోయింది. మనుషులు పోతుంటే చూసినా కన్నీరు రాని తనకు ఆ రోజు ఏడుపు ఆగలేదని బాంటింగ్ తర్వాత రాసుకున్నాడు. తాను కోసిన కుక్క కోసం తానే ఏడవడం కొందరికి వింతగా ఉండొచ్చు. నాకు మాత్రం ఆ మనిషి మీద నమ్మకం కుదిరింది అక్కడే.

ఆ డిసెంబరులో జేమ్స్ కాలిప్ అనే రసాయన శాస్త్రవేత్త వాళ్లతో కలిశాడు. రసాన్ని శుద్ధి చేసి ఆరోగ్యంగా ఉన్న కుందేళ్లకు ఎక్కించి చూసేవాడు. కొన్ని కుందేళ్లు ఉన్నట్టుండి పడిపోయి గిలగిలా కొట్టుకున్నాయి. గ్లూకోజ్ ఎక్కించగానే లేచి కూర్చున్నాయి. షుగర్ తగ్గించే మందు అతిగా తగ్గించగలదని కూడా అలా తెలిసింది. 1922 జనవరి 11న టొరంటో జనరల్ ఆసుపత్రిలో పద్నాలుగేళ్ల లియొనార్డ్ థాంప్సన్‌కి వేసిన మొదటి సూది పెద్దగా పనిచేయలేదు, వేసినచోట చీము పట్టింది. జనవరి 23న కాలిప్ శుద్ధి చేసిన మందు వేస్తే కుర్రాడు తేరుకున్నాడు. ఆ మందే ఇన్సులిన్.

మరి ఎంత మందు వెయ్యాలి? తూకానికి అప్పట్లో దొరికింది ఆ కుందేలే. ఒక రోజంతా మేత పెట్టని, రెండు కిలోల కుందేలు రక్తంలో చక్కెరను మూర్ఛ వచ్చేంతగా దింపే మందును ఒక యూనిట్ అన్నారు. తర్వాత ఆ కొలతను సుమారు మూడో వంతుకి తగ్గించారు. ఈ రోజు సిరంజి మీద కనిపించే గీతల మూలం అదీ.

ఆ గీతల్లో ఒకే ఒక్కటి మా పిన్ని వంతుకి వచ్చింది. కోనసీమలో మామిడికుదురు దగ్గరి నగరం ఆవిడ ఊరు. ఇంట్లో గండుపిల్లి, పేరు పండు. దిమ్మసాలా ఉండేది. పాలన్నం, చేప తలకాయలు, మధ్యాహ్నం అరుగు మీద నిద్ర. అలాంటిది కుడితి తొట్టి వదలకుండా నీళ్లు తాగడం మొదలెట్టింది. తింటూనే చిక్కిపోతోంది. వెనక కాళ్ల మడమలు నేలకానించి నడుస్తోంది. దిష్టి తగిలిందన్నారు ఇరుగుపొరుగు.

అమలాపురంలో ఒక పశువైద్యుడు రక్తం చూశాడు. చక్కెర బాగా ఎక్కువుంది. అయినా వెంటనే మాట తేల్చలేదు. బుట్టలో పెట్టి బస్సులో తెస్తే భయానికే పిల్లుల చక్కెర పెరుగుతుందట. రెండు మూడు వారాల సగటు చెప్పే ఫ్రక్టోసమైన్ పరీక్ష చేయించాకే డయాబెటిస్ అన్నాడు. బాబాయి మొహం చూడాలి.

"నాకొక్కడికే అనుకున్నానండి. దీనిక్కూడానా!"

బాబాయిది పాత షుగరు. ఆయన సీసా ఫ్రిజ్ తలుపులోనే ఉంటుంది. అసలు భయం అక్కడ మొదలైంది. ఆయనది యూ-40 మందు, ఎర్ర మూత సిరంజి. పండుకి రాసింది గ్లార్జిన్ అనే ఇన్సులిన్, అది ఇంకా గాఢమైన యూ-100. దానికి నారింజ మూత సిరంజి. గ్లార్జిన్‌ని ఎర్ర మూత సిరంజిలో ఒక గీత లాగితే లోపలికెళ్లేది ఒకటి కాదు, రెండున్నర యూనిట్లు. నాలుగు కిలోల జంతువుకి అది చిన్న తేడా కాదు. పిన్ని ఆ రోజే బాబాయి సరంజామా హార్లిక్స్ సీసాలో వేసి పై అరకి మార్చేసింది. ఆయనకి కోపం వచ్చినా లెక్క చెయ్యలేదు.

అన్నం మానేసి ఉడికించిన చేప, కోడిమాంసం పెట్టమన్నాడు డాక్టరు. పిల్లి మాంసం తినే జంతువు, పిండి పదార్థం దానికి భారం. అయితే మేత మారితే మందు అవసరం కూడా పడిపోవచ్చని, తనకి చెప్పకుండా ఏదీ మార్చొద్దని గట్టిగా చెప్పాడు. పొద్దున ఆరింటికి, సాయంత్రం ఆరింటికి. ముందు తిండి, తర్వాత సూది. పిల్లి ఇన్సులిన్‌కీ, ఆవు ఇన్సులిన్‌కీ తేడా ఒక్క అమైనో ఆమ్లమేనని ఆయన అంటే పిన్ని ఆవు వైపు చూసి దండం పెట్టిందిట. ఇది బాబాయి చెప్పిన మాట. కొంచెం కలిపి చెప్పడం ఆయనకి అలవాటు.

ఒక సాయంత్రం పండు తిన్నది కక్కేసింది. పిన్ని అప్పటికే సూది వేసేసింది. కాసేపటికి తూలింది. తల వాలింది. ఒళ్లు వణికింది. మామూలు మనిషైతే ఫోను వెతుక్కుంటూ ఉండేది. ఆవిడ తేనె వేలితో తీసి చిగుళ్లకి రాసింది. గొంతులో పొయ్యలేదు, పోస్తే ఊపిరితిత్తుల్లోకి పోతుందని చెప్పి ఉన్నారు. రాస్తూనే డాక్టరుకి ఫోను చేయించింది. కాలిప్ కుందేళ్ల సంగతి ఆవిడ ఎప్పుడూ వినలేదు. పండు లేచి నిలబడ్డాక ఆటోలో అమలాపురం. మర్నాటి నుంచి మోతాదు తగ్గించారు.

కరెంటు పోతే ఎలా అన్న దిగులు వేరే. 1996 నవంబరు తుపానుకి కొబ్బరిచెట్లు, కరెంటు స్తంభాలు కూలి, రోజుల తరబడి చీకట్లో గడిపిన వాళ్లు వీళ్లు. అందుకే పండు మందు సీసా గడ్డకట్టకుండా ఫ్రిజ్ తలుపులోనూ, అవసరం వస్తే నీళ్లు చల్లిన మట్టికుండలోనూ. మొదట్లోనే పట్టుకుని జాగ్రత్తగా చూస్తే కొన్ని పిల్లులకి సూది అవసరమే లేకుండా పోతుందిట. ఆ ఆశ పిన్నికి ఉంది, కానీ నోటితో అనదు.

మొన్న రాజోలులో పెళ్లికి వెళ్లాల్సి వచ్చింది. పక్కింటి కుర్రాణ్ణి కూర్చోబెట్టి పాఠం మొదలెట్టింది.

"ఏ మూతరా?"

"నారింజండి."

"ఎన్ని గీతలు?"

"ఒకటండి."

"తినకపోతే?"

"సూది ఎయ్యనండి. ముందు డాక్టరు గారికి ఫోను చేస్తాను."

"మరి నాకు?"

"మీకూ చేస్తానండి, పెళ్లి అయ్యాక."

"పీటల మీద ఉన్నా సరే, చెయ్యి" అంది పిన్ని.