గట్టుమీది చెట్టు

గ్రంథాలయ రజతోత్సవ సంచికకు చరిత్రను గూర్చి ఒక వ్యాసము వ్రాయుమని కార్యవర్గమువారు నన్ను కోరిరి. రాజులను గూర్చి, దేవాలయములను గూర్చి వ్రాయగల పండితులు వేఱుగా నున్నారు. నేను లెక్కలవాడను. నాకు తెలిసినవి ఎకరములు, గుంటలు, వానికై జరిగిన తగవులు. ఆ తగవులలో పెక్కింటికి మొదలు ఒక చెట్టో, ఒక కంచెయో. కావున గట్టుమీది చెట్టు చరిత్రయే వ్రాయుచున్నాను.

మన చుట్టుప్రక్కల ఊళ్ల పేర్లు చూడుడు. తుమ్మడము పేరులో తుమ్మ వినబడును. వేంపాడు పేరులో వేము వినబడును. సూర్యాపేట చెంత పిల్లలమఱ్ఱి. చెట్టు పేర ఊరినే గుర్తించిన దేశములో చెట్టు పేర హద్దును గుర్తించుట వింత కాదు. తూర్పు చాళుక్యుల తామ్రశాసనములలో రాజుగారి ప్రశస్తి సంస్కృతమున నుండును. ఇచ్చిన భూమికి ఎల్లలు చెప్పుచోట మాత్రము తఱచు తెలుగు వచ్చును. ఆ చింత, ఈ పుట్ట, ఆ గుంట అని లెక్క. ప్రశస్తి పండితులకు, ఎల్లలు రైతులకు అని నా యూహ. రేపు తగవు వచ్చినచో నిలిచి చెప్పవలసిన సాక్షికి తెలియని భాషలో హద్దు వ్రాసి ఏమి ప్రయోజనము?

మనుస్మృతి ఎనిమిదవ అధ్యాయమున సీమావివాద ప్రకరణము కలదు. వర్ణముల విషయమున ఆ గ్రంథము చెప్పిన పెక్కు మాటలను నేను ఒప్పను. కాని ఈ ప్రకరణము వ్రాసినవాడు గట్టువెంట నడచినవాడే. హద్దు తగవును జ్యేష్ఠమాసమున తీర్చవలెనట. ఏలయన అప్పుడు ఎల్లలు స్పష్టముగా కనబడును. మన రైతు రోహిణికార్తె యెండలో, గడ్డి మాడి గట్టు బయటపడినప్పుడు, హద్దు చూచుకొనుట ఇందుకే. హద్దున నాటవలసిన చెట్లను పేరుపేరున చెప్పెను: మఱ్ఱి, రావి, మోదుగ, బూరుగ, సాలము, తాటి, పాలుగారు చెట్లు. పిమ్మట పొదలు, వెదురు, జమ్మి, తీగెలు, రెల్లు. అంతటితో ఆగక, మనుష్యుల స్వభావము ఎఱిగినవాడు గనుక, భూమిలో దాచవలసిన గుర్తులను గూడ చెప్పెను: రాళ్లు, ఎముకలు, ఊక, బూడిద, పెంకులు, ఇటుకలు, బొగ్గులు. చెట్టును నఱకవచ్చును, భూమిలోని బొగ్గును ఎవడు వెదకి తీయును? సాక్షులు ఎఱ్ఱని వస్త్రములు ధరించి, తలపై మన్ను పెట్టుకొని, తమ పుణ్యముపై ఒట్టు పెట్టుకొని హద్దు చూపవలెను. పొలమునకే గాక తోటకు, బావికి, ఇంటికి గూడ ఇదియే పద్ధతి.

యాజ్ఞవల్క్యుడు హద్దున నున్న చెట్టును నఱకినవానికి మామూలు దండమునకు రెండింతలు విధించెను. శ్మశానమందలి చెట్టుకును దేవాలయమందలి చెట్టుకును పెట్టిన దండమే దీనికిని. ఆ స్మృతికి విజ్ఞానేశ్వరుడు మితాక్షర యను వ్యాఖ్య వ్రాయగా, పదుమూడవ శతాబ్దమున కేతన దానిని తెనిగించెను. నారద కాత్యాయనులు ఇంకొక అడుగు ముందుకు వేసి, రెండు పొలముల నడుమ ఎల్లపై మొలచిన చెట్టు పూలును పండ్లును ఇరువురికి సమానమనిరి. ఈ యొక్క మాట నాకు మిక్కిలి నచ్చినది. కారణము ముందు చెప్పెదను.

మన ప్రాంతమున చెట్టు సాక్ష్యమునకు కాలము చెల్లుట మొదటి సాలార్‌జంగు సంస్కరణల తరువాతనే. ఆయన మంత్రిత్వము 1853 మొదలు 1883 వఱకు. ఆ పిమ్మట నిజాము రాజ్యమున సర్వే జరిగెను. సేత్వారు, టిప్పను, పహాణీ వచ్చెను. 1317 ఫసలీ (1907–08) నాటి భూమిశిస్తు చట్టము హద్దుగుర్తుల రక్షణను పట్టాదారుపై నుంచెను. అప్పటినుండి హద్దు చెప్పవలసినది రాయి, కాగితము, గొలుసు. గొలుసు 33 అడుగులు, దానికి 16 అణాలు. గొలుసు నలుచదరము గుంట, అనగా 1089 చదరపు అడుగులు. ఇరువది గొలుసుల పొడవున్న గట్టును ఏటేట వేలెడు వేలెడుగా చెక్కుచు మూర వెడల్పు జరిపినచో 990 చదరపు అడుగులు చేరును. అనగా ఇంచుమించు గుంట! ఓపికగల నాగలికి అసాధ్యము లేదు.

తాటిచెట్టు గతి ఇంకను చిత్రము. నిజాము కాలమున భూమి పట్టాదారునిది, నీడ ప్రక్కవానిది, కల్లు గుత్తేదారునిది, చెట్టుపన్ను సర్కారుది. ఎక్కి గీసెడి గీతకార్మికునికి మిగిలినది మోకు. గీతకార్మికుల పక్షమున సూర్యాపేట బొమ్మగాని ధర్మభిక్షము గారు పోరాడిన సంగతి మన జిల్లావారికి క్రొత్త గాదు.

1955 డిసెంబరు 10న నాగార్జునసాగరమునకు శంకుస్థాపన జరిగెను. 1967 ఆగస్టు 4న కాలువలకు నీరు విడువబడెను. ఎడమకాలువ నీరు మన మెట్టపొలములను మాగాణి చేసెను. జొన్నచేనికి గట్టుమీది చెట్టు నీడ బరువు గాలేదు. ఎద్దులు నిలుచుటకు, కూలివారు సద్ది తినుటకు అది కావలెను. వరిమడికి నీడ పడినచోట గింజ పట్టదు. అంతవఱకు సాక్షిగా నున్న చెట్టు ఆనాటినుండి ముద్దాయి యయ్యెను.

మా తండ్రిగారు పట్వారీ; ఆ పదవులు 1984లో రద్దయినవి. ఆయన కాలమున రెండు పొలముల నడుమ ఒక చింత యుండెను. ఆ రెండిండ్లవారు వరుసకు బావలు. ఏటేట మాఘమాసము వెళ్లగానే ఒకరు, "బావా, రేపు చింతపండు దులుపుదాం, మనుషుల్ని తోలుకొని రా" అని కబురంపెడివారు. పండు తట్టకు తట్ట పంచుకొనెడివారు. వారు నారదస్మృతి పేరైన వినలేదు. కాలువ నీరు వచ్చి వరి నాటిన పిమ్మట ఒకరు, "నీడ నా మడిమీద ఎందుకు పడాలె? చెట్టు ఎవరిదో తేల్చుండ్రి" అని పట్టుపట్టిరి. అప్పటికి నాకు ఇరువదేండ్లు దాటినవి. గొలుసు ఒక కొన నేను పట్టితిని. టిప్పను ప్రకారము చెట్టు రెండణాలు, అనగా నాలుగడుగులు, ఒకరి వైపునకే యుండెను. లెక్కలో పొరపాటు లేదు. ఇప్పటికిని అదే చెప్పుదును. ఆ సాయంకాలమే పంపకము నిలిచిపోయెను. రెండవవారు తమవైపు కొమ్మలు కొట్టివేసిరి, తమవైపు వేళ్లదగ్గఱ కంప తగులబెట్టిరి. రెండేండ్లకు చింత ఎండెను. నారదుని మాటను నేను చదివినది ఆ తరువాత పదేండ్లకు.

ఇది మన మోటుతనమని యెవరును సిగ్గుపడనక్కఱలేదు. ఇంగ్లండులో లేలాండ్ సైప్రసను చెట్టును పెరటికంచెగా పెంచి, ప్రక్కయింటికి వెలుతురు రాకుండ చేసి, తగవులాడి, తుదకు పార్లమెంటు వఱకు పోయిరి. 2003లో చేసి 2005లో అమలుపఱచిన శాసనము ప్రకారము, రెండు మీటరులకు మించిన పచ్చని కంచె వెలుతురును అడ్డగించినచో పొరుగువాడు స్థానిక సంఘమునకు ఫిర్యాదు చేయవచ్చును. మనకును 2002లో నీరు, భూమి, వృక్షముల చట్టము వచ్చి, అనుమతి లేక చెట్టు కొట్టుటను సాధారణముగా నిషేధించినది. అయినను పెరటి దడిలో సర్కారు తుమ్మ పెరిగినపుడు ఎవరును చట్టమును అడుగుట లేదు, గొడ్డలినే అడుగుచున్నారు.

గత రోహిణికార్తెలో ఆ చింత యున్న చోటికి పోయి చూచితిని. గట్టు పలుచనై, ఒక మనుష్యుడు నడచుటకే చాలుచున్నది. హద్దురాయి కలదు గాని కొంచెము ఒరిగినది. ఎవరి వైపునుండి త్రోసిరని ఆ బావల కొడుకులు ఇరువురు నన్ను వేఱువేఱుగా అడిగిరి. గొలుసు తెమ్మనిరి. నా యింట గొలుసు లేదని చెప్పి వచ్చితిని.