క్రిస్మసు బల్లమీద ఐరోపా చరిత్ర

సంఘ చరిత్రను తెలిసికొనుటకు మహాసభల తీర్మానములను, దేవాలయములలోని శిలాఫలకములను చదువుట వాడుక. అవి అవసరమే. అయితే ఒక దేశపు విశ్వాసులు పండుగనాడు ఏమి తినిరి, పండుగకు ముందు ఏమి తినక మానిరి అను సంగతియు చరిత్రలోని భాగమే. పాలకుల పేర్లు మరచిన గృహిణి సయితము పండుగ రొట్టెలో ఏమి వేయవలెనో మరువదు.

2023 డిసెంబరు మొదటి పక్షములో, వేదాంత కళాశాలనాటి స్నేహితులమైన మేము నలుగురము శీతకాలపు సెలవు తీసికొని ఐరోపాలో రైలు ప్రయాణము చేసితిమి. క్రిస్మసుకు ముందే మా మా సంఘములకు తిరిగి రావలసియుండెను గనుక, నాలుగు పట్టణములు మాత్రమే చూడగలిగితిమి. మ్యూజియములకంటె రొట్టెల అంగళ్ల యొద్దనే మేము ఎక్కువ సమయము గడిపితిమని దాచనవసరము లేదు. ఆ అంగళ్లు మాకు నేర్పిన చరిత్రను సహోదరీ సహోదరుల ముందుంచుచున్నాము.

మొదట ఫ్రాన్సులోని స్ట్రాస్‌బర్గ్ చేరితిమి. పెద్ద దేవాలయము చుట్టును చెక్క అంగళ్లు. దాల్చినచెక్క, సోంపు వేసిన చిన్న బిస్కత్తుల సువాసన. వాటిని అచ్చటివారు బ్రెడెలె అందురు. ఈ పట్టణమునందు పూర్వము డిసెంబరులో పరిశుద్ధ నికొలాసు పేర సంత జరుగుచుండెను. మత సంస్కరణను అంగీకరించిన తరువాత, అచ్చటి బోధకులు పరిశుద్ధుని పేర సంత జరుపుట తగదని బోధించిరి. 1570లో ఆ సంత తీసివేయబడి, శిశువైన క్రీస్తు పేర వేరొక సంత ఏర్పడెను. పేరు మారినది, ఉద్దేశము మారినది. ప్రజలకు ప్రియమైన తీపి వంటలు మాత్రము కొనసాగినవి.

అచ్చటనుండి జర్మనీలోని న్యూరెంబర్గ్ వెళ్లితిమి. ఇచ్చటి ప్రసిద్ధ వంటకము లెబ్‌కూఖెన్. తేనె, గింజపప్పులు, సుగంధద్రవ్యములు కలిపి చేయు గుండ్రని తీపి రొట్టె యిది. పట్టణము చుట్టునున్న అడవిలో తేనె సమృద్ధిగా దొరకుచుండెను. మిరియములు, అల్లము, యాలకులు మన మలబారు తీరమునుండి అరబ్బు వర్తకుల చేతులమీదుగా వెనిస్ చేరి, అచ్చటనుండి ఆల్ప్సు కొండలు దాటి ఈ పట్టణపు వర్తకులకు అందుచుండెను. మన వంటింటి పోపులపెట్టెలోని యాలకులను అంత దూరమున పండుగ రొట్టెలో రుచి చూచి మేము ఎంతో సంతోషించితిమి.

ఆ రొట్టె అడుగున పలుచని తెల్లని బిళ్ల యొకటి యుండును. ప్రభు భోజన సంస్కారమందు కొన్ని సంఘములు వాడు అప్పము వంటిదే అది. పిండి పెనమునకు అంటుకొనకుండ దానిమీద పెట్టి కాల్చుదురు. మఠములలో సంస్కారపు అప్పములు కాల్చిన చేతులే ఈ తీపి రొట్టెలను కూడ చేసినవని అచ్చటి సంప్రదాయము.

మూడవది డ్రెస్డెన్. ఇచ్చటి క్రిస్మసు సంతను గూర్చిన మొదటి వ్రాత 1434 నాటిది. అప్పుడది పండుగకు ముందు ఒక్క దినము జరుగు మాంసపు సంత. ఉపవాసము ముగియగానే విందుకు కావలసిన మాంసము ప్రజలు కొనుక్కొనుటకు పాలకులు అనుమతి యిచ్చిరి. ఇచ్చటి రొట్టె పేరు స్టోలెన్. ఎండు ద్రాక్ష, బాదము, నారింజ తొక్కు, సమృద్ధిగా వెన్న వేసి కాల్చి, పైన తెల్లని చక్కెరపొడి చల్లుదురు. అది పొత్తిగుడ్డలలోని శిశువునకు గురుతు అని చెప్పుదురు.

అయితే ఈ రొట్టె మొదట ఇట్లుండలేదు. మధ్యయుగములలో అనేక ప్రాంతములయందు నవంబరు 11నాటి పరిశుద్ధ మార్టిను పండుగ మొదలు క్రిస్మసు వరకు ఉపవాసదినములు. మాంసమే కాదు, పాలు, వెన్న, గ్రుడ్లు కూడ నిషేధము. స్టోలెన్ ఆ ఉపవాస కాలపు రొట్టె. పిండి, నీరు, కొంచెము నూనె, అంతే. నియమము ఎల్లరికి ఒక్కటే, భారము మాత్రము ఒక్కటి కాదు. ఒలీవలు పండు ఇటలీవారికి వెన్న లేని లోటు తెలియదు. ఆల్ప్సు కొండల కావలి చలిదేశములలో ఒలీవనూనె దూరమునుండి రావలెను. అది పేదవానికి అందని వస్తువు. దొరకు గింజల నూనె రుచిలేనిది.

సాక్సనీ పాలకులు రోమునకు విన్నవించుకొనగా, 1491లో పోపు ఎనిమిదవ ఇన్నొసెంటు వెన్న వాడుకకు సెలవిచ్చెను. ఆ ఉత్తరమునకు వెన్న ఉత్తరమని పేరు. కాని ఆ సెలవు ఉచితము కాదు, రుసుము చెల్లింపవలెను. ఆ ధనము ఫ్రైబర్గ్ దేవాలయ నిర్మాణమునకు తోడ్పడినదని చెప్పుదురు. ఫ్రాన్సులోని రూఆన్ దేవాలయపు ఒక గోపురమునకు నేటికిని వెన్న గోపురమనియే పేరు. 1520లో మార్టిన్ లూథరు జర్మను ప్రభువులకు వ్రాసిన బహిరంగ లేఖలో ఇట్టి అనుమతుల అమ్మకమును ఖండించెను. వెన్న తినుట నిజముగా పాపమైనయెడల డబ్బు దానిని ఎట్లు తీసివేయును? పాపము కానియెడల డబ్బు ఎందుకు? సామాన్య గృహిణి సయితము అడుగగల ప్రశ్న ఇది. డ్రెస్డెన్‌లో సంస్కరణ 1539లో వచ్చెను.

మరి రెండువందల సంవత్సరములకు ఈ రొట్టె గతి పూర్తిగా మారెను. 1730లో రాజు అగస్టసు తన సైనిక విన్యాసముల సందర్భమున సుమారు 1,800 కిలోల స్టోలెన్ చేయించి అతిథులకు పంచిపెట్టెను. ఉపవాసపు రొట్టె రాజవైభవమునకు చిహ్నమాయెను. ఇరువదవ శతాబ్దములో దేశము రెండుగా చీలినప్పుడు అదే రొట్టె వేరొక పని చేసెను. తూర్పు జర్మనీలో ఎండు ద్రాక్ష, బాదము దొరకుట కష్టము. పశ్చిమమునందలి బంధువులు వాటిని పార్సెలులో పంపగా, తూర్పువారు స్టోలెన్ కాల్చి తిరిగి పంపుచుండిరి. 1989లో సరిహద్దు తెరువబడు వరకు, ఆ సరిహద్దు వేరుచేసిన కుటుంబములు ఒకే రొట్టె తినెను.

కడపట పోలండులోని క్రాకో. అచ్చట డిసెంబరు 24 రాత్రి భోజనమును విగీలియా అందురు. ఆకాశమున మొదటి నక్షత్రము కనబడు వరకు బల్లయొద్ద కూర్చుండరు. ఆ రాత్రి మాంసము లేదు. చేపలు, బీటుదుంపల చారు, పుట్టగొడుగులతో చేసిన కుడుములు మున్నగు పండ్రెండు వంటకములు వడ్డించుట ఆచారము. నేటి సంఘ శాసనము ఆ రాత్రి మాంసమును నిషేధింపకపోయినను, ప్రజలు తమంతట తామే మానుచున్నారు. భోజనమునకు ముందు పలుచని అప్పమును ఒకరి చేతిలోనిది ఒకరు విరిచి, క్షమాపణలును శుభాకాంక్షలును చెప్పుకొందురు. బల్లయొద్ద ఒక పళ్లెము ఎవరికిని కాక ఖాళీగా ఉంచబడును. అది అనుకొనకుండ తలుపు తట్టు అతిథి కొరకు.

ఈ నాలుగు పట్టణముల చరిత్రను కలిపి చూచిన యెడల ఒక సంగతి స్పష్టము. బలవంతముగా విధింపబడిన ఉపవాసము రుసుముగా మారి, కడకు పోయినది. ఇష్టపూర్వకముగా చేపట్టిన ఉపవాసము మాత్రము శాసనము తొలగినను నిలిచినది. మన సంఘములలో నియమములు చేయువారు, ఆ నియమపు బరువు ఎవరి భుజములమీద పడునో ముందుగా విచారింపవలెను. మన యిండ్లలోనో, పండుగనాడు కేకులు, అరిసెలు, బిర్యానీ సమృద్ధిగా నుండగా, ఒక పళ్లెము అదనముగా పెట్టుటకు ఏ శాసనమును అవసరము లేదు. రానున్న క్రిస్మసునకు ఆ పళ్లెము ఎవరి కొరకో ఇప్పుడే తలంచుకొందము.